తాడు అప్పగింత

గోపాలపూర్ దీపస్తంభం వెలుగు
మా గుడిసెల మీదుగా తిరిగిపోయే వేళ
ఇరవైరెండు మంది ఆడవాళ్ళ డబ్బుని
ఎర్రయమ్మ నా ఒళ్ళో పడేసింది.

డబ్బంటే తాడు.
వలలు బాగుచేసే నైలాను తాడు, రెండు బారలు,
చేతుల చమురుకి నల్లబడి, పాములా చల్లగా.
పోలమ్మకి చిల్లు గవ్వ,
సింహాద్రమ్మకి అల్యూమినియం బొత్తాం,
కొత్తకోడలు గౌరికి పసుపు పేలిక,
నాకు, వల అంచున కట్టే సీసపు గుండు.
గుర్తు పక్కన ముడులు. ముడి అంటే బాకీ.
ఒంటి ముడి వంద, జంట ముడి ఐదొందలు.
తీరిస్తే అందరి ముందూ విప్పుతుంది.

మమ్మల్ని నోలియాలంటారు ఇక్కడ.
బరంపురం బ్యాంకులో ఇంటిపేరు ఒకలా,
ఓటరు కార్డులో మరోలా.
తాడులో పేర్లే లేవు, ఇక తప్పులెక్కడివి?

అసలు నోట్లు
ఎండుచేపల గంప అడుగున, బిస్కట్ల డబ్బాలో.
ఆ వాసనే తాళం.
పెనుతుఫాను రాత్రి
బియ్యమూ మేకలూ ఎత్తుకుని అందరం బడి మేడకి పరిగెడితే
ఈమె డబ్బాని కడుపుకి కట్టుకుని వచ్చింది,
అరవై ఏళ్ళకి నిండు చూలాలిలా.
ఎవరూ నవ్వలేదు.

ఇప్పుడు కళ్ళకి పొర.
"నోట్లు పోల్చలేకపోతన్నానే. యాబైకి అయిదొందలిచ్చేత్తన్నాను. నువ్వుంచు."
ఒడియా బడిలో ఏడు చదివాను కదా,
కాగితం మీద రాసేస్తాలే అన్నాను.
"రాసుకో. తాడు మాత్రం మానకు.
కాయితం నీకొక్కదానికే తెలుస్తాది.
తాడైతే అందరూ తడిమి సూడొచ్చు."

ఆ రాత్రి
కేరళ పడవల మీదున్న మా ఆయన నుంచి
డబ్బు రాక రెండో నెల.
సీసపు గుండు పక్కన నావి నాలుగు జంట ముడులు.
ఒకటి పళ్ళతో లాగాను.
ఉప్పగా ఉంది.
వచ్చేసింది.
దీపస్తంభం ఒకసారి చూసి
తల తిప్పుకుంది.

తెల్లారి ముసల్ది చెయ్యి చాచింది,
"ఒకసారి తాడిలా ఇయ్యి."
గవ్వ. బొత్తాం. పేలిక. వేళ్ళు నడుస్తున్నాయి,
చీకట్లో ఇల్లు తెలిసినవాళ్ళు నడిచినట్టు.
గుండు దగ్గర ఆగాయి.
ముడి విప్పినా నైలాను వంకర మరిచిపోదు.
ఒక ఊపిరి తీసినంత సేపు
ఆ వంకర మీద బొటనవేలు.

"ఉప్పుగాలికి సడలుతుంటాయి.
సూసుకుని బిగించుకో."

తాడు మళ్ళీ నా చేతికే ఇచ్చింది.
పక్కనే ఉంది పోలమ్మ. ఆమెకివ్వలేదు.

అరిచి ఉంటే
తాడు ఆమె మొహాన కొట్టి పోయేదాన్ని,
నాలుగు మాటలు నేనూ అని, తేలికై.

పడవలు ఒడ్డుకి కొట్టాయి.
వేలం పాటగాడు ఒడియాలో అంకెలు అరుస్తుంటే
బోర్లించిన తెప్ప నీడలో కూర్చుని
ఆ ముడి వేశాను.
బలమంతా పెట్టి వేశాను.

నాలుగు ముడుల బాకీ తీరి మూడేళ్ళు.
మూడు విప్పాను అందరి ముందూ.
నాలుగోది గోటికి లొంగదు, సూదికి లొంగదు,
కత్తి పెట్టబుద్ధి కాదు.
"ఐదొందలు ఇంకా ఉందేటే నీది?"
పోలమ్మ అడుగుతూనే ఉంటుంది.
ఉందనే చెప్తాను.

ఎర్రయమ్మ పోయాక
ఆడవాళ్ళు గంపలు దించుకునేటప్పుడు
మొహాలు చూడటం తగ్గింది నాకు,
వేళ్ళు చూస్తున్నాను.
గౌరివి సన్నటివి. గోళ్ళు కొరుకుతుంది.
నిన్న చిల్లర లెక్కపెట్టి
పది రూపాయలు ఎక్కువొచ్చిందని వెనక్కి వచ్చింది.
అదొక్కటే చాలదు.
చూడాలి.